పల్లెకు పోవటం గురించి

మా మిత్రులలో ఒక జంట హైదరాబాదు వదిలి పల్లెటూళ్లో కాపురం పెట్టారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరుగా వుండి, ఇంకా కొన్నేళ్లు చెయ్యగలిగి వుండగానే మానుకున్నది. నగరంలో వున్న ఫ్లాటు అమ్మి, చేవెళ్ల దాటిన తరువాత వచ్చే ఒక వూళ్లో రెండున్నర ఎకరాలు కొన్నారు. అందులో చిన్న యిల్లు కట్టుకున్నారు. వాళ్లు వెళ్లి మూడేళ్లు దాటింది.

ఈ విషయం మా బృందంలో పెద్ద చర్చకు కారణమైంది. బృందమంటే మరేమీ లేదు. ఒకప్పుడు సంఘాలలో పనిచేసి, ఇప్పటికీ పుస్తకాలు చదివి పోట్లాడుకునేవాళ్లం పదిమందిమి వున్నాం. వారిలో సగంమంది ఇది పలాయనమన్నారు. చుట్టూ ఇన్ని సమస్యలుండగా తమ సుఖం తాము చూసుకుని పోవటం అభ్యుదయవాదులు చెయ్యవలసిన పని కాదన్నారు. మిగిలిన సగంమంది వాళ్లిద్దరూ ధన్యులన్నారు. మనం మాటల్లో తిట్టే జీవితాన్ని వాళ్లు చేతల్లో వదిలేశారనీ, మనకు ఆ ధైర్యం లేక ఆడిపోసుకుంటున్నామనీ అన్నారు.

నేను పలాయనమన్న పక్షంలోనే వున్నాను. కొంతకాలానికి రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నాకు తోచింది. రెండు పక్షాలూ ఆ యిద్దరి మనసులను గురించే మాట్లాడాయి. వాళ్లు పిరికివాళ్లా, ధైర్యవంతులా? స్వార్థపరులా, త్యాగులా? వాళ్లు పోయిన వూరిని గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ వూరు ఖాళీగా వుండి, వీళ్లు వచ్చి దీపం పెట్టటం కోసం ఎదురుచూస్తున్నట్టు మాట్లాడాం.

నీతికి సంబంధించిన ప్రశ్నలలో ఈ పొరపాటు తరుచు జరుగుతుంది. ఒక పని మంచిదా, చెడ్డదా అని తేల్చటానికి మనం చేసేవాడి మనసులోకి తొంగిచూస్తాం. అక్కడ మలినం కనిపించకపోతే పని మంచిదనేస్తాం. కాని ఏ మనిషి చేసే పనిలోనూ అతనొక్కడే వుండడు. అందులో మరికొందరు వుంటారు. వాళ్లు అతనికి కనిపించకపోవచ్చు. కనిపించకపోవటం పెద్ద నేరం కాకపోవచ్చు గాని, వాళ్లను లెక్కలోకి తీసుకోకుండా తీర్పు చెప్పటం మాత్రం నేరమే.

ముందుగా ఆ జంటకు న్యాయం చెయ్యాలి. వాళ్లు వేడుక కోసం పోలేదు. ముప్ఫై యేళ్లు ఆయన ఇతరుల డబ్బు లెక్కపెట్టాడు. చివరి పదేళ్లలో అప్పులిచ్చే పనికన్నా, బీమా పాలసీలు అంటగట్టే పనే ఎక్కువైందని ఆయన చెప్పేవాడు. ఆమె మాట మరీ స్పష్టం. "నేను పాఠం చెప్పటం మానేసి చాలాకాలమైంది మాస్టారూ. జవాబులు వల్లె వేయిస్తున్నాను, అంతే," అని ఒకసారి నాతో అన్నది. మనిషి తన శ్రమకే తాను పరాయివాడైపోతాడని మార్క్సు 1844 నాటి రాతప్రతులలో చెప్పిన విషయాన్ని మనం విద్యార్థులకు వివరిస్తాం. ఆ పరాయితనాన్ని ఒళ్లంతా అనుభవించిన మనిషి దాన్నుంచి బయటపడదామని చూస్తే, వెంటనే పలాయనమని పేరు పెట్టటం న్యాయం కాదు. మట్టిలో చెయ్యి పెట్టి, తాను నాటిన మొక్క కాపు కాసేదాకా చూడాలనుకోవటం మనిషికి సహజమైన కోరిక.

అయితే ఆ ఫ్లాటులో మరొక మనిషి కూడా వుండేది. పదకొండేళ్లు వాళ్ల అంట్లు తోమి, గదులు వూడ్చిన ఆవిడది పాలమూరు. దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర మట్టిపని చేసినవాళ్లుగా పాలమూరు కూలీలకు పేరుంది. ఆవిడ భర్త మేస్త్రీ కింద కూలి. వాళ్లకు సొంతవూళ్లో ఒక గది యిల్లూ, వాన పడితే పండే ఎకరం చెలకా వున్నాయి. మేం పల్లెకు పోతున్నామని ఈ దంపతులు చెప్పినప్పుడు ఆవిడ, "మంచిగైతదమ్మా. ఆడ పని దొరికితే మేం గూడ మా వూరికే పోదుము," అన్నదట.

ఈ మాటను ఆ యింటి ఇల్లాలే నాకు చెప్పింది. చెప్పి ఊరుకుంది. నేను కూడా అప్పటికి ఊరుకున్నాను. కాని ఆలోచించినకొద్దీ, మా బృందం చేసిన చర్చ మొత్తంకన్నా ఈ ఒక్క మాటలో ఎక్కువ విషయం వున్నట్టు కనిపించింది. నగరానికీ పల్లెకూ మధ్య రోడ్డు రెండువైపులకూ వుంది. ఒకవైపు పోయేవాళ్లు ఇష్టపడి పోతున్నారు. రెండోవైపు వచ్చేవాళ్లు గతిలేక వస్తున్నారు. ఇష్టపడి పోయేవాళ్ల చేతిలో నగరం ఇచ్చిన పెన్షనూ, ఫ్లాటు అమ్మిన డబ్బూ వున్నాయి. గతిలేక వచ్చేవాళ్ల చేతిలో పల్లె ఇచ్చిన అప్పు వుంది. మనం స్వేచ్ఛ అని పిలిచేది ఇంత స్థూలమైన వస్తువు. ప్రశాంతంగా బతకాలన్న కోరిక ఇద్దరికీ వుంది. కోరికను నిజం చేసుకునే శక్తి ఒకరికే వుంది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక పరీక్ష పెడతారు. ఒక పని అందరూ చెయ్యగలిగితేనే అది నీతి అంటారు. ఈ పరీక్షకు పెడితే మన జంట వెంటనే ఓడిపోతారు. హైదరాబాదు జనాభాను కోటి అనుకుందాం. కుటుంబానికి నలుగురు చొప్పున 25 లక్షల కుటుంబాలు. కుటుంబానికి రెండున్నర ఎకరాలైతే 62 లక్షల 50 వేల ఎకరాలు కావాలి. ఆ భూములను ఇప్పుడు దున్నుతున్నవాళ్లు ఎక్కడికి పోవాలి? కోటిమంది ప్రశాంతి కోసం పల్లెకు పోతే, అక్కడ ప్రశాంతీ వుండదు, పల్లే వుండదు.

కాని ఈ పరీక్ష సరిఅయినది కాదు. అందరూ వైద్యులు కాలేరు, అందరూ వీణ వాయించలేరు. అంతమాత్రాన వైద్యం చెయ్యటమూ, వీణ వాయించటమూ అవినీతి కావు. అందరూ చెయ్యలేకపోవటం ఒకటి, ఇతరులు చెయ్యలేని స్థితిలో వుండటం మీదనే ఒకరి పని ఆధారపడటం మరొకటి. వైద్యుడు వైద్యుడు కావటానికి పక్కింటివాడు నిరక్షరాస్యుడుగా వుండనక్కరలేదు. కాని జమీందారు జమీందారుగా వుండాలంటే పక్కవాడికి భూమి లేకుండా వుండి తీరాలి. కనక అడగవలసిన ప్రశ్న ఇది: నా మంచి బతుకు నిలబడటానికి మరొకడి లేమి అవసరమవుతున్నదా? అవసరమైతే నా మనసు ఎంత నిర్మలమైనదైనా సరే, ఆ బతుకులో ఏదో లెక్క తేలకుండా వుందన్నమాట.

ఈ ప్రశ్నతో పల్లెకు పోయిన కొందరు ప్రసిద్ధులను చూద్దాం. అమెరికాలో హెన్రీ థోరో 1845 జులై 4న వాల్డెన్ చెరువు ఒడ్డున తాను కట్టుకున్న చిన్న యింట్లో కాపురం పెట్టాడు. స్థలం అతని మిత్రుడు ఎమర్సన్‌ది. ఇంటికి మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు ఖర్చయిందని 1854లో అచ్చయిన తన పుస్తకంలో పద్దు రాశాడు. నిరాడంబర జీవితాన్ని కోరేవాళ్లంతా ఆ పద్దును మెచ్చుకుంటారు. ఆ పద్దులో పలకల ఖరీదు కూడా వుంది. ఆ పలకల కథ థోరోయే చెప్పాడు. ఫిచ్‌బర్గ్ రైలుదారి మీద పనిచేసే జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీకి ఒక గుడిసె వుండేది. దాన్ని పలకల కోసం థోరో 4 డాలర్ల పాతిక సెంట్లకు కొన్నాడు. మర్నాడు పొద్దున్నే కాలిన్స్ కుటుంబం ఖాళీ చెయ్యాలని షరతు. పొద్దున థోరో పోతూంటే వాళ్లు దారిలో ఎదురయ్యారు. వాళ్ల సంసారమంతా ఒక పెద్ద మూటలో వుంది. థోరో పోయి గుడిసె విప్పి, పలకలు ఎండబెట్టుకున్నాడు.

థోరో దాచకుండా రాశాడు. అది అతని గొప్ప. బానిసత్వాన్ని ఎదిరించినవాడు, పన్ను కట్టనని జైలుకు పోయినవాడు. అటువంటివాడు కూడా, ఆ మూట మోసుకుని కాలిన్స్ కుటుంబం ఆ రాత్రి ఎక్కడ తలదాచుకుందనే ప్రశ్న వేసుకోలేదు. నిరాడంబరమైన ఇంటికి చవకగా పలకలు దొరికాయంటే, ఎవడో తన గోడలు అమ్ముకునే స్థితిలో వున్నాడన్నమాట.

రెండో ఉదాహరణ మనకు మరీ దగ్గరిది. స్కాట్ నియరింగ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పేవాడు. పసిపిల్లల చేత పని చేయించటాన్ని బహిరంగంగా ఖండించాడు. 1915లో అతన్ని విశ్వవిద్యాలయం తొలగించింది. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకిస్తూ కరపత్రం రాసినందుకు ప్రభుత్వం కేసు పెడితే, 1919లో జ్యూరీ నిర్దోషి అన్నది. 1927లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, 1930లో బయటికి వచ్చాడు. ఉద్యోగమిచ్చేవాడు లేడు, పుస్తకాలు వేసేవాడు లేడు. 1932లో అతనూ, హెలెన్ నోదే న్యూయార్కు వదిలి వెర్మాంట్ కొండల్లో ఒక పాత వ్యవసాయక్షేత్రం కొనుక్కుని వెళ్లారు. రాళ్లతో ఇళ్లు తామే కట్టారు. తిండి తామే పండించుకున్నారు. మేపుల్ చెట్ల పాలు కాచి పానకమూ, చక్కెరా అమ్మి, సంవత్సరానికి కావలసిన డబ్బు రాగానే ఆపేసేవాళ్లు. రోజుకు నాలుగు గంటలు పొట్టకూటి పని, నాలుగు గంటలు చదువూ రాతా, నాలుగు గంటలు పదిమందితో గడపటం అనే పద్ధతి పెట్టుకున్నారు. 1952లో మెయిన్ రాష్ట్రానికి మారారు. 1954లో వాళ్లు తమ అనుభవాలు పుస్తకంగా వేస్తే మొదట అంతగా ఎవరికీ పట్టలేదు. 1970లో మళ్లీ అచ్చయినప్పుడు కుర్రకారు వేలకొద్దీ వాళ్ల యింటికి యాత్రలు చేశారు. స్కాట్ 1983లో నూరేళ్లు నిండిన తరువాత చనిపోయాడు.

ఈ దంపతులను పలాయనవాదులనటానికి నాకు నోరు రాదు. మన పరీక్షలో చాలావరకు నెగ్గుతారు కూడా. కూలికి మనుషులను పెట్టి తాము అరుగు మీద కూచోలేదు. అయినా రెండు విషయాలు మిగులుతాయి. వాళ్లకు ఆ క్షేత్రం చవకగా దొరికింది. ఎందుకు దొరికింది? అది ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలం. ఆ కొండల్లో సేద్యం గిట్టక రైతులు వదిలిపోతున్నారు. ఇదీ కాలిన్స్ పలకలవంటిదే. రెండోది, ఇరుగుపొరుగు వాళ్లతో కలిసి సహకార జీవితం నిర్మించాలన్న ఆశ నెరవేరలేదని వాళ్లే ఒప్పుకున్నారు. ఒక జంట మంచిగా బతికి చూపించటం సాధ్యమని వాళ్లు రుజువు చేశారు. ఒక లోయ మంచిగా బతకటానికి అది చాలదని కూడా రుజువు చేశారు.

ఇక మన జంట సంగతి. వెర్మాంట్‌లో భూమి చవక, చేవెళ్ల దారిలో భూమి ప్రియం. భూమి ధర అంటే పెట్టుబడిగా లెక్కకట్టిన కౌలు అని అర్థశాస్త్రంలో చదువుకున్నాం. కాని నగరం పక్కనున్న భూమి ధరకూ, దాని మీద పండే కందులకూ, క్యారెట్లకూ ఏమీ సంబంధం లేదు. రేపు నగరం ఇక్కడిదాకా వస్తుందన్న ఆశకే అక్కడ ధర. కనక అమ్మిన పట్టాదారు నష్టపోలేదు. ఆయన ఎప్పుడో నగరంలో స్థిరపడ్డాడు. ఇద్దరూ పెద్దమనుషులే, రొక్కమిచ్చారు, రిజిస్ట్రేషనైంది. ఎక్కడా అన్యాయం జరిగినట్టు కనిపించదు.

ఏడాది గడిచాక ఒకనాడు కలుపుతీతకు వచ్చినవాళ్లలో ఒకామె, మాటల సందర్భంలో, "ఈ మడిల మేం పన్నెండేండ్లు పత్తి పెట్టినమమ్మా," అన్నదట. ఆమె భర్త పన్నెండేళ్లు ఆ రెండున్నర ఎకరాలూ కౌలుకు చేశాడు. నోటిమాట కౌలు. అమ్మకం జరిగిన సంవత్సరం, "ఈసారి వెయ్యకు" అని పట్టాదారు ఫోనులో చెప్పాడు. అంతటితో అయిపోయింది. ఇప్పుడతను మరొకరి ఫామ్‌హౌసులో వాచ్‌మన్. ఆమె తాను పత్తి పెట్టిన భూమిలోనే ఇతరులకు కలుపు తీస్తున్నది.

"మేం ఖాళీ భూమి కొన్నామనుకున్నాం," అన్నది మా మిత్రురాలు నాతో. ఆమె తప్పుకోవటానికి ఈ మాట అనలేదు. కాగితాల ప్రకారం అది నిజంగా ఖాళీయే. తెలంగాణ రైతులు 1946 నుంచి 1951 దాకా ఆయుధాలు పట్టి పోరాడిన కాలంలోనే, 1950లో, హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే మాట అప్పుడు రికార్డులకెక్కింది. దున్నేవాడి పేరు ప్రభుత్వం పుస్తకంలో వుండాలన్న చిన్న విషయం కోసం ఎందరో ప్రాణాలిచ్చారు. ఈ దంపతులు భూమి కొన్ననాటికి ధరణి రికార్డులో పట్టాదారుకు గడి వుంది, సాగుదారుకు గడి లేదు. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారుకే చేరింది. వీళ్లు కొన్నప్పుడు అది ఎకరానికి ఒక పంటకు 5 వేల రూపాయలు. ఒక్క గింజ పండించకముందే వీళ్ల ఖాతాలో 12 వేల 500 రూపాయలు పడింది. పన్నెండేళ్లు పండించినవాడికి ఆ పథకం కింద ఒక్క రూపాయి కూడా రాలేదు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. చట్టానికి కనపడని మనిషి మన కంటికి కూడా కనపడడు, అంతే.

కూలి సంగతి కూడా చెప్పాలి. ఆ యింటి తోట నడవటానికి ఇద్దరు ఆడవాళ్లు రోజూ వస్తారు. నగరంలో అదే ఎండలో అదే గంటలకు ఇవ్వవలసిన కూలి ఇక్కడ ఇవ్వవలసివస్తే, పెన్షను డబ్బుతో ఆ తోట నడవదు. ఆయన ఈ విషయం లెక్కవేసి నాకు చూపించాడు. బ్యాంకు మనిషి గనక లెక్క దాచలేదు. కూరగాయలు మందులు లేకుండా పండుతున్నాయి, గాలి బాగుంది, రాత్రిళ్లు నిద్ర పడుతున్నది. ఇవన్నీ నిజమే. వీటి వెనక పల్లెలో కూలి చవక అన్న నిజం కూడా వుంది.

పోతే కులం. మన భావకవులు చూపిన పల్లెలో వెన్నెలా, ఏరూ, పైరుగాలీ వున్నాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లోనే 'మాలపల్లి' రాసి, ఆ వెన్నెల వూరంతటా ఒకే తీరుగా కాయదని చూపించాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేద్కర్, పల్లెలను పొగిడే మేధావులను నిలదీసి, సంకుచితత్వానికీ, మతతత్వానికీ పల్లే నిలయమని కుండబద్దలు కొట్టాడు. మా మిత్రులకు కులపట్టింపు సుతరామూ లేదు. కలుపుతీతకు వచ్చినవాళ్లకు తాము తాగే గ్లాసులోనే టీ యిచ్చారు. ఆమె తాగి, కడిగి, గ్లాసును ఇంట్లోకి ఇవ్వకుండా గోడ మీద బోర్లించి పోయింది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఒకనాడు గట్టిగా అడిగితే, "మీకు తెల్వదమ్మా. మేం లోపటికొస్తే మీ యింటికి ఇంగెవ్వరు రారు," అన్నది. తమను కాపాడటానికే ఆమె బయట నిలబడుతున్నదని ఆ దంపతులకు అప్పుడు తెలిసింది. కులాన్ని మనం వదిలేసినా, అది మనను వదిలిపెట్టదు. మనకు తెలియకుండానే మన బదులు మరొకరు దాన్ని మోస్తారు.

ఇంతవరకు వచ్చాక పలాయనపక్షంవాళ్లు గెలిచినట్టు కనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కిందటేడు వాళ్ల యింటికి పోయినప్పుడు ఈ వాదనంతా దాదాపు ఇదే వరసలో వాళ్లకు వినిపించాను. ఇద్దరూ శాంతంగా విన్నారు. తరువాత ఆయన లోపలికి పోయి ఒక కాగితం తెచ్చి చూపించాడు. అది ఎకరంన్నరకు కౌలు ఒప్పందం. కలుపుతీతకు వచ్చే ఆమె భర్త పేరుతో రాసివుంది. ఆమె చెప్పిన సంగతి విన్న తరువాత వీళ్లిద్దరూ అతని యింటికి పోయి, భూమి చేసుకోమన్నారట. అతను నమ్మలేదు. "కాయితం రాసిస్తరా సార్?" అని అడిగాడు. వకీలూ, బంధువులూ వద్దంటే వద్దన్నారు. వీళ్లు సంతకాలు పెట్టారు. కౌలు నామమాత్రం. ప్రభుత్వం సొమ్ము పడ్డప్పుడల్లా ఆ ఎకరంన్నర వంతు అతనికి ఇచ్చేస్తున్నారు.

కాగితం మడిచి లోపల పెడుతూ ఆమె, "మాస్టారూ, మీ వూళ్లో మీ పొలం ఎవరు చేస్తున్నారు? కాగితం వుందా?" అని అడిగింది.

నాకు కృష్ణా డెల్టాలో మా నాన్న వదిలిపోయిన రెండెకరాలున్నాయి. నేనూ మా తమ్ముడూ వాటాదారులం. తమ్ముడిదీ ఉద్యోగమే, గుంటూరులో. ఆ పొలం ఒక రైతు తొమ్మిదేళ్లుగా కౌలుకు చేస్తున్నాడు. ఎకరానికి పద్ధెనిమిది బస్తాలు మాకు ముడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. భూమి యజమాని సంతకం పెడితే కౌలురైతుకు 11 నెలలు చెల్లే కార్డు వస్తుంది. దానితో పంటరుణం, బీమా, పంట నష్టానికి పరిహారం అడగవచ్చు. దీనివల్ల యజమాని హక్కుకు ఏ భంగమూ లేదని చట్టంలోనే వుంది. అతను మూడేళ్లపాటు, "బాబుగారూ, ఒక్క సంతకం పెడితే బ్యాంకోళ్లు అప్పిస్తామంటున్నారండి," అని అడిగాడు. తమ్ముణ్ణి అడిగి చెబుతానని నేను అన్నాను. అన్నయ్య చెప్పాలని తమ్ముడు అన్నాడు. ఇద్దరం ఒకరి చాటున ఒకరం దాక్కుని మూడేళ్లు గడిపాం.

2023 డిసెంబరులో తుఫాను వచ్చి డెల్టాలో కోసిన వరి నీళ్లలో నానింది. తాను సాగుదారునని చూపించే కాగితం అతని చేతిలో లేదు. పెట్టుబడి అంతా వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినదే. ఆ యేడు మేము ఎకరానికి రెండు బస్తాలు తగ్గించి తీసుకుని, దాన్ని దయ అనుకున్నాం. ఆ వానాకాలంలోనే నేను కౌలురైతుల ఆత్మహత్యలను గురించి విద్యార్థుల సభలో ఉపన్యాసం ఇచ్చాను. ఉపన్యాసంలో ఒక్క అబద్ధం లేదు.

నేను సంతకం ఎందుకు పెట్టలేదు? చట్టం చదివాను గనక భూమి పోదని తెలుసు. అయినా భయపడ్డాను. రేపు హక్కు అంటాడేమో! దున్నేవాడికే భూమి అని ఇరవయ్యేళ్ల వయస్సులో గోడల మీద రాసినవాడికి, దున్నేవాడు హక్కు అంటాడేమోనన్న భయం ఎక్కడినుంచి వచ్చింది? భావాలు మనిషి తలలో వుంటాయి. ఆస్తి అంతకన్నా లోతుగా వుంటుంది. పల్లెకు పోయిన ఆ జంటను నేను విమర్శించాను. నేను పల్లెకు పోకుండానే, నగరంలో నా కుర్చీ మీద కూచునే, పల్లె మీద బతుకుతున్నాను. వాళ్లకు కనీసం ఆ మనిషి మొహం కనిపించింది. గోడ మీద బోర్లించిన గ్లాసు కనిపించింది. నాకు బస్తాల డబ్బు మాత్రమే కనిపించింది.

కనక మా చర్చలో వేసిన ప్రశ్నే తప్పు. నగరంలో వుండాలా, పల్లెకు పోవాలా అన్నది నీతిప్రశ్న కాదు. నగరానికీ పల్లెకూ మధ్య వున్న అంతరాన్ని క్రమంగా తొలగించాలని మార్క్సు, ఎంగెల్సు 1848లోనే కమ్యూనిస్టు ప్రణాళికలో పెట్టారు. దాన్ని తొలగించటం వేరు, దాటటం వేరు. సంపాదన నగరం రేట్లలో, ఖర్చు పల్లె రేట్లలో జరిగితే ఆ అంతరం మనకు లాభం. ఆ అంతరం వల్లనే లాభం పొందుతూ, దాన్ని మన బతుకుతో రద్దు చేశామని అనుకోవటం ఆత్మవంచన. ఇది పల్లెకు పోయినవాడికి ఎంత వర్తిస్తుందో, నగరంలో కూచుని కౌలు తినేవాడికీ అంతే వర్తిస్తుంది.

అయితే ఏ బతుకూ పూర్తిగా నిర్దోషం కాదు గనక అన్ని బతుకులూ సమానమేననే వేదాంతం కూడా మనకు పనికిరాదు. అది సోమరుల ఓదార్పు. మరొకడి లేమి నాకు అవసరమవుతున్నదా అన్న ప్రశ్న మనను పుణ్యాత్ములుగా మార్చటానికి పనికిరాదు. కాని ఏ చోట చెయ్యి పెట్టాలో చూపిస్తుంది. ఒక చోట అది ఒక సంతకం. మరొక చోట కూలి రేటు. ఇంకొక చోట, సాగుదారుకు రికార్డులో గడి కావాలని అడిగేవాళ్లతో కలిసి మండలాఫీసు ముందు నిలబడటం. ఒకరిద్దరి మంచితనం మీద ఆధారపడిన కౌలు కాగితం ఆ ఒకరిద్దరితోనే పోతుంది. చట్టంలోకి వస్తేనే నిలుస్తుంది. ఇది ఆ దంపతులకూ తెలుసు. ఆ వూళ్లో ఇంకా ఎందరు నోటిమాట మీద సేద్యం చేస్తున్నారో ఆమె ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నది.

ఈ యేడు నేను సంతకం పెట్టాను. తమ్ముణ్ణి కూడా పెట్టించాను. ఇందులో చెప్పుకోవలసిన గొప్ప ఏమీ లేదు. బస్తాలు తగ్గించాం గాని మానెయ్యలేదు. నా లెక్క ఇంకా తేలలేదు. కార్డు చేతికి వచ్చిన రోజు అతను ఫోను చేసి, "శానా సంతోషమండీ బాబుగారూ," అన్నాడు. మూడేళ్ల కిందట ఇవ్వవలసినది ఇప్పుడిచ్చినందుకు అతను నాకు కృతజ్ఞత చెప్పాడు. ఆ మాట నన్ను తిట్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది.

మా బృందంలో చర్చ మళ్లీ వచ్చినప్పుడు, ఆ జంట పల్లెకు పోవటం తప్పా ఒప్పా అని నన్ను అడిగితే, నేను ముందుగా అడిగినవాళ్లను వాళ్ల వూళ్లో వాళ్ల పొలం ఎవరు చేస్తున్నారని అడుగుతాను. మా పదిమందిలో ఆరుగురికి పొలాలున్నాయి.